పొట్లాలకు పోగా మిగిలిన నవలలు

ఎల్లారెడ్డి బస్సు కామారెడ్డి బస్టాండు దాటి పెద్దరోడ్డు మలుపు తిరిగేదాకా తాహేరా, ఇంకా టికెట్టు కొట్టలేదు కదా, దిగిపోవచ్చులే అనుకుంటూనే ఉంది. బడికి ఒక్క పూటే సెలవు పెట్టింది. ఇప్పుడు దిగినా మధ్యాహ్నం తొమ్మిదో తరగతి పిల్లల చేత పద్యం అప్పజెప్పించుకోవచ్చు, తెలుగు టీచరు ఎక్కడికి వెళ్లి వచ్చిందని ఎవరూ అడగరు. కానీ కండక్టరు వచ్చి పక్కన నిలబడగానే నోరు దానంతట అదే ఎల్లారెడ్డి అనేసింది. ఎల్లారెడ్డి ఏమన్నా కొత్త ఊరా, పుట్టిన ఊరు, ఏటా రెండు ఈదులకూ పోయే ఊరు, అబ్బా పోయాక తమ్ముడు ఘనీ కిరాణా దుకాణం నడుపుతున్న ఊరు. ఇవాళ మాత్రం తమ్ముడి ఇంటికి కాదు. పోయిన ఆదివారం ఘనీ సరుకు కోసం కామారెడ్డి వచ్చి, అన్నం తింటూ తింటూ మాటల్లో మాటగా చెప్పాడు, ఆపా, నీ బళ్లో దోస్తు ఒకామె ఉండేది చూడు, తండా పిల్ల, పార్వతిబాయి, ఈ మధ్య బస్టాండు దగ్గర సీతాఫలాలు పెట్టుకుని కూర్చుంటున్నది, మొన్న ఉప్పు కోసం మన దుకాణానికి వచ్చి మీ అక్క మంచిగున్నదా అని అడిగింది అని. అంతే చెప్పి ఇంకో రొట్టె వేయమన్నాడు. తాహేరా రొట్టె వేసి, వంటింట్లోకి పోయి, ఆరిపోయిన పొయ్యి ముందు ఊరికే నిలబడింది. మీ అక్క మంచిగున్నదా. పదిహేడేళ్ల తర్వాత అడిగిన మాట అది. మంచిగనే ఉన్నది అని ఘనీ చెప్పి ఉంటాడు, ఉప్పు పొట్లం కట్టి ఇచ్చి ఉంటాడు.

పొట్లం అనుకోగానే ఆమెకు దుకాణం వెనక గది వాసన వచ్చింది, బెల్లం, ఎండుమిరప, కిరసనాయిలు, వాటి కింద పాత కాగితం వాసన. అబ్బా సిరాజుద్దీన్ పొట్లాల కోసం పాత పత్రికలు కామారెడ్డి నుంచి కట్టలకు కట్టలు తెప్పించేవాడు. ఆయనకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు, గుమాస్తాకూ చదవడం రాదు, కాబట్టి ఏ కాగితం మీద ఏముందో వాళ్లకు పట్టేది కాదు, సైజు చూసి చింపేవారు. ఆ కట్టల్లో పండుగ సంచికలు ఉండేవి. మామూలు వారపత్రిక కంటే లావు, అట్ట మీద పళ్లెంలో దీపాలు పట్టుకున్న పెద్ద కళ్ల అమ్మాయి, మూలన ఎర్ర అక్షరాలతో సంపూర్ణ నవల అని. తెలుగు మీడియంలో చదివే తాహేరా ఒక్కతే ఆ ఇంట్లో వాటిని చదవగలిగేది. బియ్యం బస్తాల మధ్య కూర్చుని, అమ్మీ పిలిచేలోపు ఎన్ని పుటలైతే అన్ని. అవి ఆరు నెలలు పాతవి గనుక ఆమెకు దీపావళి ఎండాకాలంలో వచ్చేది, ఉగాది ముసుర్లలో వచ్చేది. అన్ని నవలలదీ ఒకటే దారి. వాళ్లిద్దరికీ ఏదో ఒక చిన్న మాట దగ్గర చెడుతుంది, అతను ఉద్యోగం మీద దూరం పోతాడు, ఆమె మేడ మీద నిలబడి ఉంటుంది, పండుగ దగ్గర పడుతుంది, ఇంట్లో అందరూ కొత్త బట్టలు కట్టుకుంటారు, ఆమె కట్టుకోదు, ఇక దీపాలు పెట్టే వేళకు వీధిలో జట్కా ఆగిన చప్పుడు. తప్పు ఎవరిదైనా సరే, పండుగ పూట వచ్చి నిలబడితే క్షమించి తీరాలి, అది ఆ నవలల్లో ధర్మం. పదిహేనేళ్ల తాహేరా ఆ ధర్మాన్ని నమ్మింది. కాకపోతే ఆ జట్కా దగ్గరికి వచ్చేసరికి కింద చిన్న అక్షరాల్లో తరువాయి ఎనభై నాలుగో పేజీలో అని ఉండేది, ఎనభై నాలుగో పేజీ అప్పటికే పసుపు పొట్లమై ఏ ఊరికో పోయి ఉండేది.

ఆ పోయిన పేజీలన్నీ పార్వతి నింపింది. ఎనిమిదో తరగతిలో వచ్చి పక్కన కూర్చుంది, ఎల్లారెడ్డికి మూడు మైళ్ల తండా నుంచి, తండాలో అంతదాకా చదివిన మొదటి ఆడపిల్ల, ఊరి చివర పెంకుల ఇంట్లో నడిచే ఆడపిల్లల హాస్టల్లో ఉండేది. మోచేతుల దాకా గాజుల మచ్చలు, గాజులు మాత్రం లేవు, హాస్టలుకు వచ్చేటప్పుడు తీసేసిందట. ఇంట్లో ఆమెది లంబాడీ, తాహేరా ఇంట్లో ఉర్దూ, ఇద్దరికీ తెలుగు బయటి భాషే, అందుకేనేమో ఇద్దరూ దాన్ని చాలా ఇష్టంగా నేర్చుకున్నారు. తాహేరా పుస్తకాన్ని లంగా మడతల్లో పెట్టి తెచ్చేది, తిండి గంటలో బడి వెనక గోడ నీడకు కూర్చుని పార్వతి పైకి చదివేది. చదువు పార్వతిదే. ఆమె చదివితే ఆ నవలలోని అత్తగారు కూడా ఆ గోడ దగ్గరికి వచ్చి కూర్చున్నట్టుండేది. బొబ్బట్లు అని వచ్చింది ఒకసారి, అవేమిటో ఇద్దరికీ తెలియదు, తర్వాత ఎవరో అవి మన పోలెలే అని చెబితే, ఇంతేనా అని పార్వతి ఎంత నిరాశపడిందో. ఆఖరి పేజీ లేనిచోట ఆగేది, కళ్లు మూసుకునేది, పుస్తకం ముందే ఉన్నట్టు చెప్పుకుపోయేది. ఆమె చెప్పిన కథల్లో జట్కా రాదు. ఆ అమ్మాయే సామాను సర్దుకుని రైలెక్కి పోతుంది, అతను పనిచేసే ఊళ్లో దిగుతుంది, అతను జ్వరంతో పడి ఉంటాడు, లేకపోతే ఇంకో పెళ్లి చేసుకుని ఉంటాడు, లేకపోతే అక్కడ అతనంటే తెలిసినవాడే ఎవడూ ఉండడు. గట్లెందుకే, మంచిగ కలపరాదా అని తాహేరా ఏడుపుగొంతుతో అడిగేది. కలపాలంటే ముందుగాల పోవాలె గద, మేడ మీద నిలబడితే ఎవడొస్తడే అనేది పార్వతి.

బస్సు తాడ్వాయి దగ్గర ఆగింది. గంపలో రెండు కోళ్లు పెట్టుకుని ఒక ముసలమ్మ ఎక్కి తాహేరా పక్కన కూర్చుంది, కోళ్లు భయపడతాయని గంప మీద కొంగు కప్పింది. "యాడికి పోతున్నవు బిడ్డా?" అని అడిగింది. "ఎల్లారెడ్డి, అవ్వా." "సుట్టాలున్నరా?" ఉన్నారు అనబోయి తాహేరా, "దోస్తు ఉన్నది," అంది. ఆ మాట అని కిటికీ వైపు తిరిగింది. ముసలమ్మ తల ఊపి, ఇక అడగకుండా కోళ్లతో మాట్లాడటం మొదలుపెట్టింది. కిటికీ బయట మక్క చేన్లు కోసేసిన మోళ్లు, ఆ తర్వాత అడవి మొదలైంది, ఎర్రమట్టి, టేకు ఆకులు, రాళ్ల సందుల్లో సీతాఫలం పొదలు. ఈ పొదల్లోంచే తెంపి తెస్తూ ఉంటుంది పార్వతి. ఆ చేతులు ఇప్పుడు ఎట్లా ఉన్నాయో. దోస్తు ఉన్నది అని ఎంత ధైర్యంగా అంది తాను. ఉన్నదా?

మన పేర్లు వీటిల్ల ఎందుకుండయే అని అడిగింది పార్వతి, అది పదో తరగతిలో, సంక్రాంతి సెలవులు అయిపోయి మళ్లీ బడి తెరిచిన రోజుల్లో. మన పండుగలు కూడ ఉండయి. తీజ్‌కు మేం బుట్టలల్ల మట్టిపోసి గోధుమలు చల్లుతం, తొమ్మిది దినాలు నీళ్లు పోసి పాటలు పాడుతం, ఆ మొలకలు నీటిల పారవోసే దినం ఆడపిల్లలందరం ఏడుస్తం, ఎంత మంచిగుంటదో, అది ఎవ్వరు రాయరు. మా ఈదు గూడ రాయరు అంది తాహేరా. ఇద్దరూ కాసేపు తమకెవరో బాకీ ఉన్నట్టు మూతులు ముడుచుకుని కూర్చున్నారు. ఆ సాయంత్రమే తాహేరా ఇంటికి పోయి బస్తాల మధ్య కూర్చుని ఆ పని చేసింది. పార్వతికి ఇష్టమైన ఒక దీపావళి నవలకు చివరి నాలుగు పుటలు లేవు. అందులో శ్రీధర్ అనే అతను రాయాల్సిన ఉత్తరం ఒకటుంది, రాస్తాడు అని ఉంది గాని ఉత్తరం లేదు. అది తాహేరా రాసింది, నవలలోని అమ్మాయి పేరు తీసి పార్వతి పేరు పెట్టి. మగవాడు రాసినట్టుండాలని అక్షరాలు పక్కకు వాల్చి, అబ్బా కలంతో, దుకాణం సంతకానికి వాడే నీలి సిరాతో. నా పార్వతీ, ఈ దీపావళికి నేను తప్పక వస్తున్నాను. నువ్వు పెట్టే మొదటి దీపం నేను వచ్చాకే పెట్టు. నన్ను క్షమించానని నీ నోటితో చెబితేనే ఆ గడప తొక్కుతాను, లేకపోతే వాకిట్లోనే నిలబడి తెల్లవారుస్తాను. నీ శ్రీధర్. ఎంత కష్టపడి రాసింది. ఒక్క చోట కూడా కొట్టివేత లేదు. తెల్లారి గోడ నీడలో అది చదివి పార్వతి నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, మళ్లీ చదివి, నవ్వు ఆపి, దాన్ని నాలుగు మడతలు పెట్టి నవలలో దాచుకుంది. నవలను హాస్టల్లో తన రేకు పెట్టెలో, బట్టల అడుగున పెట్టుకుంది. పార్వతిబాయి అనే పేరున్న మొదటి నవల అని అంది.

ఆ తర్వాతి పది దినాలు ఎట్లా గడిచాయో తాహేరాకు గుర్తు లేదు. గుర్తున్నదల్లా హెడ్మాస్టరు గది. పెట్టెలు సోదా చేశారట, ఏదో పోయిందని, అది దొరకలేదు, ఇది దొరికింది. బల్ల మీద దీపాల అమ్మాయి అట్ట పైకి కనిపిస్తూ పుస్తకం ఉంది, పక్కన విప్పిన ఉత్తరం ఉంది. హాస్టలు వార్డెనమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. కిటికీ దగ్గర పార్వతి. గుమ్మం లోపల తలపాగా తీసి చేతుల్లో పట్టుకుని వాళ్ల నాయన తేజ్యా, ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డాడు, కాళ్లకు దారి దుమ్ము. హెడ్మాస్టరు చెడ్డవాడు కాదు, గొంతు కూడా పెంచలేదు. "ఈమె పక్కన కూర్చునేది నువ్వే కదా. ఈ శ్రీధర్ ఎవరో నీకు తెలుసా?" అని అడిగాడు. నేనే సార్, అనాలి. రెండే మాటలు. ఆ రెండు మాటల వెనక ఏమేం ఉన్నాయో ఆ క్షణంలో తాహేరాకు అంతా వరసగా కనిపించింది, అబ్బాను పిలిపించడం, ఆయన టోపీ సర్దుకుంటూ ఆ గదిలోకి రావడం, తన నీలి సిరా చూడటం, పదో తరగతిదాకా చాలు అని అమ్మీ ఏడాదిగా అంటున్న మాట, బుర్ఖా, పెళ్లి చూపులు, బస్తాల గదికి తాళం. పార్వతి ఒకసారి ఆమె వైపు చూసింది. కోపంగా చూడలేదు, వేడుకోలుగా చూడలేదు, చదువుతూ చదువుతూ పేజీ లేనిచోట ఆగేది చూడు, అట్లా చూసింది. తాహేరా "తెల్వదు సార్," అంది. పార్వతి చూపు కిందికి దించుకుంది. ఎన్నిసార్లు అడిగినా నోరు విప్పలేదు. వార్డెనమ్మ నిట్టూర్చింది. తేజ్యా కొట్టలేదు, తిట్టలేదు. "ఇగ సాలు బిడ్డా, పోదాం పా," అన్నాడు, తలపాగా చుట్టుకుని, సారుకు దండం పెట్టి. రేకు పెట్టె ఆయన తల మీద పెట్టుకున్నాడు, పార్వతి వెనక నడిచింది. పదో తరగతి పరీక్షలకు అప్పటికి ఏడు వారాలు ఉన్నాయి.

ఏడు వారాలు. ఆ ఏడు వారాల్లో ఏ రోజైనా చెప్పి ఉండవచ్చు. మొదటి వారం భయం. రెండో వారం, ఇంత ఆలస్యంగా చెబితే మొదటే ఎందుకు చెప్పలేదంటారని. ఆ తర్వాత పరీక్షలు. పక్కన ఖాళీగా ఉన్న చోట వేరే పిల్ల వచ్చి కూర్చుంది, ఎవరో తాహేరాకు ఇప్పుడు పేరు కూడా గుర్తు లేదు. తాహేరా ఫస్టుక్లాసులో పాసయింది. అబ్బా మిఠాయి పంచాడు, ఇంత చదివిన పిల్లను ఆపడం దేనికన్నాడు, అమ్మీని ఎదిరించి ఆయనే కాలేజీకి పంపాడు, పండిత శిక్షణకు పంపాడు. ఎవరికి రావలసిన మంచి ఎవరికి వచ్చింది. ఆ వేసవిలోనే పార్వతికి పెళ్లయిందని తెలిసింది, రామ్‌సింగ్ అని, చెరుకు కొట్టడానికి పోయేవాళ్ల మనిషి. తాహేరా విని, తీజ్‌కు పుట్టింటికి వస్తుంది కదా, అప్పుడు పోయి చెబుతాను అనుకుంది. అక్కడ మొదలైంది. తీజ్ పోయింది, దీపావళికి అనుకుంది. దీపావళి పోయింది, ఈదుకు సేమ్యా పట్టుకుని పోతాను, ఈదు నాడు తెచ్చినదాన్ని కాదనరు అనుకుంది. పండుగ పూట వచ్చి నిలబడితే క్షమించి తీరాలి, ఆ ధర్మం ఆమెను అంత గట్టిగా పట్టుకుంది. మామూలు రోజున పోయి తప్పు చెప్పుకోవడానికి ఏ నవలా నేర్పలేదు. ఒక్కసారి, ఉద్యోగం వచ్చిన ఏడు, నిజంగానే దీపావళికి బయలుదేరింది, కొత్త పండుగ సంచిక కొని సంచిలో పెట్టుకుంది, ఆఖరి పేజీలతో సహా. ఎల్లారెడ్డిలో దిగేసరికి వాన. తమ్ముడి ఇంట్లో కూర్చుని వాన ఆగకూడదని కోరుకుంది. ఆగలేదు. మర్నాడు బస్సెక్కి వెనక్కి వస్తుంటే గుండె తేలికయింది, ఆ తేలికదనాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు ఒళ్లు ముడుచుకుపోతుంది.

నవలలు మాత్రం మానలేదు. కామారెడ్డిలో ఇల్లు పెట్టాక పండుగ సంచికలు కొత్తవే కొనేది, ఏ పేజీ ఎవరూ చింపనివి. చివరిదాకా చదివితే తెలిసింది, ఆ చివరి పేజీల్లో ఏమీ లేదని. జట్కా వస్తుంది, తర్వాత కారు వస్తుంది, అతను దిగుతాడు, ఆమె ఏడుస్తుంది, దీపాలు. పార్వతి చెప్పిన ముగింపుల్లో ఒక్కటి కూడా ఎవరూ రాయలేదు. పెళ్లయి భర్త ఖయ్యూం పనికని సౌదీలోని దమ్మాం పోయాక తాహేరాకు ఇంకొకటి తెలిసింది, మనుషులు పండుగలకు రారని. ఆయనకు కంపెనీ సెలవు ఎప్పుడిస్తే అప్పుడు వస్తాడు, ఒకసారి మొహర్రంలో, ఒకసారి ముసురులో, రాత పరీక్షల పేపర్లు దిద్దుతూ ఉంటే తలుపు కొట్టాడు ఒకసారి. మంచివాడు. ఈదు నాడు ఉత్తరం వస్తుంది, అది కూడా వారం తర్వాత. అయినా తాను మాత్రం పార్వతి దగ్గరికి పోవడానికి పండుగే కావాలనుకుంది, ఏటేటా క్యాలెండరులో ఎర్ర అంకె మీద వేలు పెట్టి, ఇదిగో ఈసారి అని. తన బడిలో తండా పిల్లలు నలుగురున్నారు, వాళ్లను ముందు బల్లలో కూర్చోబెడుతుంది, వాళ్ల చేత పైకి చదివిస్తుంది, ఫీజు గడువు దాటితే తానే మాట్లాడి వస్తుంది. టీచరమ్మ మంచిదని తండాల్లో పేరు. ఆ పేరు విన్నప్పుడల్లా దొంగసొమ్ము ముట్టినట్టుంటుంది.

లింగంపేట వచ్చింది, ముసలమ్మ కోళ్ల గంపతో దిగిపోయింది, పోతూ పోతూ, "నీ దోస్తును అడిగిన్నని చెప్పు బిడ్డా," అంది, తెలియని మనిషి గురించి అంత ప్రేమగా. బస్సులో జనం నిండారు. ఇంకా అరగంట లేదు. ఏమని మొదలుపెట్టాలి. పార్వతీ, నన్ను క్షమించావని నీ నోటితో, ఛీ, అది శ్రీధర్ ఉత్తరంలో మాట, తాను రాసిందే, ఏ మాట వెతికినా అట్లాంటివే వస్తున్నాయి, బరువుగా, దీపాలు పెట్టుకుని. గుర్తుపట్టకపోతే ఏం చేయాలి. గుర్తుపట్టి మొహం తిప్పుకుంటే. అందరిముందు అరిస్తే మంచిది, అరిచి, నీ వల్ల నా బతుకు ఇట్లా అయిందని అంటే, తల వంచుకుని వింటుంది, విన్నాక కాస్త, కాస్త ఏమిటి, మళ్లీ తేలికదనమేనా కావలసింది. గాజుపలకకు తల ఆనించుకుంది. బస్సు గుంతలో పడి పలక నుదుటికి కొట్టింది.

ఎల్లారెడ్డి బస్టాండులో దిగగానే మనిషి కంటే ముందు గొంతు వినిపించింది. "అది మెదక్ బండి, నీది కాదు. నీది బాన్సువాడ, ఇంక రాలే. ఈడ కూసో, రాంగనె చెప్త." గొంతులో పొడవాటి ఆ నిదానం మారలేదు, చదివేటప్పటి నిదానం. బస్సు నిలిచే చోటుకు పక్కన, గోనె పట్టా మీద సీతాఫలాల గంప, దాని వెనక చిక్కిపోయిన ఒకామె, తలలో అప్పుడే తెల్లవెంట్రుకలు, చేతులకు మోచేతుల దాకా గాజులు. చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్లు మూటలతో కూర్చుని ఉన్నారు, ఏ బస్సు వచ్చినా ఆమె మొహం చూస్తున్నారు, ఆమె తల ఎత్తి బోర్డు చదివి చెబుతోంది. తొమ్మిదిన్నర ఏళ్ల చదువు అక్కడ అట్లా ఖర్చవుతోంది. తాహేరా ముందుకు పోయి నిలబడింది. ముసుగు తీసింది. 

పార్వతి కాయలు కావాలేమోనని చూసింది, ఇంకోసారి చూసింది. "తాహేరానా?" అంది. "లావయినవు." నవ్వింది, పై పన్ను ఒకటి లేదు. గోనె పట్టా ఒక చివర చేత్తో దులిపింది. "కూసో. కింద కూసుంటవా, టీచరమ్మవైతివి."

తాహేరా కూర్చుంది. పార్వతి అడిగింది, పిల్లలెందరు, ఆయన సౌదీల ఉన్నడట గద, మీ తమ్ముడు మనిషి మంచోడు. తనవి చెప్పింది, ఇద్దరు పిల్లలు, పెద్దది బిడ్డ, రామ్‌సింగ్ నడుము పట్టేసి ఇప్పుడు మోపులు ఎత్తలేడు. రేపు పొద్దుగాల లారీ వస్తది అంది, చెరుకు కొట్ట పోతున్నం, బిచ్కుంద దాటి మహారాష్ట్రల. మాట్లాడుతూనే మెత్తబడిన కాయలు ఒక పక్కకు, గట్టివి ఒక పక్కకు తీసి పెడుతోంది. వేళ్ల మీద అడ్డంగా కత్తి గాట్లు, పాతవి, తెల్లగా.

"పార్వతీ, ఆ ఉత్తరం," అంది తాహేరా.

"ఏ ఉత్తరం?" అంది పార్వతి. చేతిలో కాయ ఆగింది. "ఓ. అదా."

"నేనే రాసిన్నని చెప్పాల్సి ఉండె. చెప్పలే. తెల్వదన్న."

"నేను ఆన్నే ఉన్న గద." కాయ గంపలో పెట్టింది. "నువ్వు చెప్తె ఏమైతుండె? మీ బాపు నిన్ను ఇంట్ల కూసోబెట్టెటోడు. పుస్తకం నా పెట్టెల దొరికె, నన్నెట్లనన్న తోల్కపోయెటోళ్లే. ఇద్దరం పోయేదానికంటె ఒక్కరన్న సదువుకోవాలె అనుకున్న. ఆ రూంలనే అనుకున్న. అది ఆన్నే ఇడిసిపెట్టిన తాహేరా."

తాహేరా కళ్లు మసకలయ్యాయి. పదిహేడేళ్లుగా మోసినది ఎవరో చేత్తో ఇట్టే దించేసినట్టయింది, అయ్యిందా ఇంతేనా అనిపించింది, అంతలో ఒక బస్సు వచ్చి ఆగింది, ఒక ముసలాయన పార్వతి వైపు చూశాడు. "నిజామాబాద్ తాతా, నీది కాదు," అంది పార్వతి, బస్సు పోయేదాకా ఆగి, తాహేరా వైపు తిరగకుండానే అంది.

"కని నువ్వొస్తవనుకున్న. మూడు మైళ్లే గద. లగ్గానికి వస్తవనుకున్న, రాలే. మొదటి పిల్లకు పానం బాగలేకుంటె ఈడ దవాఖానల పదిదినాలున్న. రోజూ మీ దుకాణం ముంగట నుంచే పోయేది. అవే దినాలల్ల మీ ఈదు వచ్చింది. నువ్వు బస్సు దిగినవు, కొత్త బట్టలేసుకుని ఉన్నవు. ఈ రోడ్డు మీదనే నేను పిల్లనెత్తుకుని నిలబడ్డ. నువ్వు నన్ను సూసినవు. సూసి రిక్షా ఎక్కినవు."

చూసింది. ఆ రోజు చూసింది. ఎత్తుకున్న పిల్లను చూసింది, ఆ పిల్ల కాళ్లు వేలాడుతున్న తీరు చూసింది, తండావాళ్లెవరో అనుకుంది, కాదు, అట్లా అనుకున్నానని తర్వాత అనుకుంది. ఇన్నేళ్లు హెడ్మాస్టరు గదినే తిరగేసి తిరగేసి చదువుకున్న మనసు ఈ రోడ్డును, ఈ పగటి ఎండను, ఆ రిక్షాను మాత్రం ఎక్కడో చింపి పారేసింది. "పిల్ల?" అంది.

"పోయింది. తెల్లారి." పార్వతి గంప అంచున ఆకులు సర్దింది. "బాయిల పడ్డట్టుండె నాకు. నువ్వొక్కదానివి ఒస్తె, నాకు ఊకెనే ఏదన్న సదివి వినిపియ్యమంటుండె. అంతె. ఇంకేం అడుగుతుండె నిన్ను."

తాహేరా, "తప్పయింది," అంది.

"అయింది," అంది పార్వతి. కోపంగా అనలేదు. ఊరికి వానపడిందా అంటే పడింది అన్నట్టు అంది.

అవతల చెట్ల కింద జీపు హారన్ కొట్టింది, తండా ఆడవాళ్లు మూటలు ఎత్తుకుంటున్నారు, గోమ్లి అనే ఆమె పార్వతిని పేరుపెట్టి పిలిచింది. పార్వతి లేచి గోనె పట్టా దులిపి మడిచింది. తాహేరా కూడా లేచింది. ఏదో ఒకటి అడగాలి, ఇది ఇట్లా పోకూడదు. "ఎప్పుడొస్తరు మళ్ల?" అంది.

"హోళీ అయినంక."

"ఉగాదికి వస్త. తండాకే వస్త."

"ఉగాదికి వద్దు. పండుగకు ఇల్లంత మందుంటరు, మాట్లాడ తీరదు." పార్వతి చుట్టగుడ్డ తల మీద పెట్టుకుని ఒక్క క్షణం ఆలోచించింది. "దాని ఎనక ఏదన్న దినం రా. పొద్దుగాల రా, ఇంట్లనే ఉంట. తలుపు ఏసి ఉంటె గోమ్లిని అడుగు." ఆ తర్వాత గంప ఒక అంచు పట్టుకుని, "పట్టు," అంది.

తాహేరా రెండో అంచు పట్టుకుంది. సగం అమ్ముడుపోయిన గంప, అయినా మొదటిసారి ఎత్తలేకపోయింది, మోకాళ్లు వంచి మళ్లీ పట్టింది. ఇద్దరూ కలిసి ఎత్తారు. గంప తల మీదికి ఎక్కే ఆ ఒక్క క్షణం పార్వతి మొహం ఆమె మొహానికి బెత్తెడు దూరంలోకి వచ్చింది, నుదుటి మీద చెమట, కళ్ల కింద గీతలు, ఆకు వాసన. తర్వాత బరువు మొత్తం అటు పోయింది. పార్వతి మెడ నిలబెట్టి, ఒక చేయి గంపకు ఆనించి, జీపు వైపు నడిచిపోయింది. వెనక్కి తిరగలేదు. తల మీద గంప ఉన్న మనిషి ఎట్లా తిరుగుతుంది అని తాహేరా తనకు తాను చెప్పుకుంది, జీపు కదిలి దుమ్ము అణిగేదాకా అక్కడే నిలబడింది.